ఎఫ్ఎఫ్ఎంపెగ్‌ను సొంతంగా కంపైల్ చేసుకోవడం ఎలా? మధ్యలో ఎర్రర్ వస్తే ఏం చేయాలి?

ఎఫ్ఎఫ్ఎంపెగ్ అంటే వీడియో, ఆడియోలను మార్చే ఉచిత ప్రోగ్రాం. ఉబుంటు 22.04 లినక్స్‌లో ప్యాకేజీలు వేసే ‘ఆప్ట్’ ద్వారా దాన్ని వేసుకుంటే వచ్చేది 4.4 వెర్షన్. వీడియోను ఒక ఫార్మాట్ నుంచి ఇంకో ఫార్మాట్‌లోకి మార్చడానికి అది చాలు. కానీ ‘డ్రాటెక్స్ట్’ ఫిల్టర్‌తో వీడియో మీద తెలుగులో ‘స్త్రీ’ అని రాయించి చూడండి. స, త, ర పక్కపక్కనే నిలబడతాయి, పొల్లులు, గుడిదీర్ఘం విడిగా పడతాయి. ఆ వెర్షన్‌లో ఈ ఫిల్టర్‌కు ఒత్తులు కూర్చడం రాదు. హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ సాయంతో అక్షరాలను సరిగ్గా కూర్చే పని 2023 నవంబరులో వచ్చిన 6.1 వెర్షన్ నుంచి మొదలైంది. తెలుగులో టైటిళ్లు వేసుకునేవాళ్లు కొత్త వెర్షన్‌ను సోర్సు (ప్రోగ్రాం రాసిన కోడ్) నుంచి కంపైల్ చేసుకోవడానికి, అంటే నడిచే ప్రోగ్రాంగా మార్చుకోవడానికి, ఇంతకంటే మంచి కారణం అక్కర్లేదు.

కంపైల్ అనగానే చాలామందికి టెన్షన్. స్క్రీన్ నిండా వందల లైన్లు పరిగెత్తి, చివర ఎర్రర్ అని ఆగిపోతే ఏం చేయాలో తోచదు. ఎక్కడో దొరికిన ఇంకో పొడవాటి ఆదేశం తెచ్చి అతికిస్తారు, అదీ ఆగిపోతుంది. అలా చేయకండి. ఎఫ్ఎఫ్ఎంపెగ్ తనకు ఏది దొరకలేదో దాదాపు ప్రతిసారీ పేరుతో సహా రాసి పెడుతుంది. ఎక్కడ రాసిందో తెలిస్తే సగం పని అయినట్టే.

ఒక మాట. ఆదేశాలను ఇక్కడ తెలుగు లిపిలో ఇస్తున్నాను. టెర్మినల్‌లో వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో టైపు చేయాలి. డాలర్ గుర్తు తర్వాత వచ్చే ‘హోమ్’, ‘పాత్’ లాంటివి, ముందు ముందు వచ్చే ఎన్విరాన్‌మెంట్ వేరియబుళ్ల పేర్లు మాత్రం పెద్ద అక్షరాల్లో ఉండాలి.

మొదలుపెట్టే ముందు

విండోస్ వాడేవాళ్లకు తేలికైన దారి డబ్ల్యూఎస్ఎల్, అంటే విండోస్ లోపలే లినక్స్ నడిపే సౌకర్యం. అందులో ఉబుంటు వేసుకుని, ఈ పనంతా ఉబుంటు లోపలి హోమ్ ఫోల్డర్‌లోనే చేయండి. సీ డ్రైవ్‌లో పెట్టి అక్కడి నుంచి కంపైల్ చేస్తే చాలా నెమ్మదిగా సాగుతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. సోర్సును విండోస్‌లోని గిట్‌తో దించుకుంటే, ప్రతి లైను చివరా విండోస్ పద్ధతి గుర్తు చేరిపోవచ్చు. అప్పుడు కాన్ఫిగర్ (కంపైల్‌కు ముందు నడిపే స్క్రిప్టు) మొదటి లైనులోనే ‘బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్’ అనో, బ్యాక్‌స్లాష్ ఆర్ పక్కన ‘కమాండ్ నాట్ ఫౌండ్’ అనో వస్తుంది. దాన్ని బాగు చేస్తూ కూర్చోవద్దు. ఆ ఫోల్డర్ తీసేసి, ఉబుంటు లోపలి గిట్‌తో మళ్లీ దించుకోండి.

ఫోల్డర్ పేరులో ఖాళీలు గానీ తెలుగు అక్షరాలు గానీ లేకుండా చూసుకోండి. ‘కొత్త వీడియో పని’ లాంటి పేర్లు ఈ ఒక్క పనికి పనికిరావు.

ఇప్పుడు కావలసిన సామగ్రి:

సుడో ఆప్ట్ అప్‌డేట్
సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ గిట్ బిల్డ్-ఎసెన్షియల్ పీకేజీ-కాన్ఫిగ్ నాస్మ్ లిబ్‌ఎక్స్264-డెవ్ లిబ్‌ఆస్-డెవ్ లిబ్‌ఫ్రీటైప్-డెవ్ లిబ్‌హార్ఫ్‌బజ్-డెవ్ లిబ్‌ఫాంట్‌కాన్ఫిగ్1-డెవ్ లిబ్‌గ్నుటీఎల్ఎస్28-డెవ్ జెడ్‌లిబ్1జీ-డెవ్ లిబ్‌ఎస్‌డీఎల్2-డెవ్

చివర ఉన్న ‘డెవ్’ను చిన్న విషయంగా తీసుకోకండి. ఎక్స్264 అంటే వీడియోను హెచ్.264 ఫార్మాట్‌లోకి కుదించే లైబ్రరీ. ‘నా దగ్గర ఎక్స్264 ఉంది కదా, అయినా లేదంటుందేమిటి’ అని అడిగేవాళ్లలో ఎక్కువమంది వేసుకున్నది డెవ్ లేని ప్యాకేజీ. అది ప్రోగ్రాములు నడవడానికి మాత్రమే. కొత్తగా కంపైల్ చేయాలంటే హెడర్ ఫైళ్లు (లైబ్రరీలో ఏ ఫంక్షన్లు ఉన్నాయో చెప్పేవి) కావాలి, అవి డెవ్ ప్యాకేజీలో ఉంటాయి. ఫెడోరాలో ఇదే ‘డెవెల్’ అని ఉంటుంది.

సోర్సును ఎఫ్ఎఫ్ఎంపెగ్ సొంత గిట్ నుంచే తెచ్చుకోండి. ప్రధాన శాఖ రోజూ మారుతూ ఉంటుంది, కాబట్టి 7.1 లాంటి విడుదల శాఖ తీసుకోవడం మేలు. డెప్త్ 1 అని చెబితే పాత చరిత్రంతా రాకుండా కావలసినంతే వస్తుంది, డేటా మిగులుతుంది.

కాన్ఫిగర్: ముక్కలు ముక్కలుగా చేయండి

ఇది అసలైన దశ, ఎక్కువ చిక్కులు వచ్చేదీ ఇక్కడే. దించుకున్న సోర్సు ఫోల్డర్‌లోకి వెళ్లి, ముందు ఏ అదనపు ఆప్షనూ లేకుండా, ఎక్కడ ఇన్‌స్టాల్ కావాలో మాత్రం చెప్పి నడపండి:

./కాన్ఫిగర్ --ప్రిఫిక్స్=$హోమ్/ఎఫ్ఎఫ్ఎంపెగ్_బిల్డ్ --బిన్‌డిర్=$హోమ్/బిన్

ఇలా హోమ్ ఫోల్డర్‌లో పెడితే సిస్టమ్‌తో వచ్చిన పాత ఎఫ్ఎఫ్ఎంపెగ్ జోలికి పోనక్కర్లేదు. వద్దనుకున్నప్పుడు ఆ ఫోల్డరూ, బిన్‌లో చేరిన ప్రోగ్రాములూ తీసేస్తే సరిపోతుంది. సుడోతో నేరుగా సిస్టమ్ ఫోల్డర్లలోకి ఇన్‌స్టాల్ చేయమనే సలహాలు కనిపిస్తాయి. నా మాట వినండి, అది వద్దు. రేపు ఏ ప్యాకేజీ దేన్ని తొక్కేసిందో తెలియక అల్లాడిపోతారు.

ఈ ఖాళీ కాన్ఫిగర్ కూడా ఆగిపోతే తప్పు లైబ్రరీలది కాదు, మీ కంపైలర్‌ది గానీ సిస్టమ్‌ది గానీ. ‘సీ కంపైలర్ టెస్ట్ ఫెయిల్డ్’ అంటే బిల్డ్-ఎసెన్షియల్ సరిగ్గా పడలేదు. ఆ సందేశంలో క్రాస్ కంపైల్ ఆప్షన్ గురించి కూడా ఉంటుంది, మీరు వేరే రకం ప్రాసెసర్ కోసం తయారు చేయడం లేదు కాబట్టి దాని జోలికి వెళ్లకండి. ‘టెంప్ ఫోల్డర్‌లో ఫైల్ సృష్టించి నడపలేకపోయాను’ అనే అర్థంతో ఆగితే, కొన్ని సర్వర్లలో భద్రత కోసం ఆ ఫోల్డర్‌లో ప్రోగ్రాములు నడవకుండా కట్టేసి ఉంటారు. హోమ్‌లో ఒక ఫోల్డర్ చేసి, టీఎంపీడీఐఆర్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో దాని దారి ఇవ్వండి.

నాస్మ్ (అసెంబ్లీ కోడ్‌ను కంపైల్ చేసే సాధనం) లేకపోతే, అది పెట్టుకోమనీ లేదా --డిసేబుల్-ఎక్స్86ఏఎస్ఎం వాడమనీ చెబుతుంది. రెండో దారి సులువుగా కనిపిస్తుంది, ఎర్రర్ కూడా పోతుంది. కానీ వేగం కోసం చేత్తో రాసిన అసెంబ్లీ కోడ్ అంతా బయటే మిగిలిపోతుంది, కన్వర్షన్ బాగా నెమ్మదిస్తుంది. పాత వెర్షన్ల సందేశంలో డెవలపర్లే దాన్ని కుంటి బిల్డ్ అన్నారు. నాస్మ్ వేసుకోవడం అర నిమిషం పని, అదే చేయండి.

ఖాళీ కాన్ఫిగర్ సాఫీగా జరిగాక ఒక్కొక్కటిగా చేర్చండి. ముందు --ఎనేబుల్-జీపీఎల్, --ఎనేబుల్-లిబ్‌ఎక్స్264. ఈ రెండూ జంటగా ఉండాలి. ఎక్స్264 లైసెన్సు జీపీఎల్, కాబట్టి మొదటిది లేకుండా రెండోది అడిగితే కాన్ఫిగర్ ఒప్పుకోదు. ఆ తర్వాత తెలుగు కోసం --ఎనేబుల్-లిబ్‌ఆస్, --ఎనేబుల్-లిబ్‌ఫ్రీటైప్, --ఎనేబుల్-లిబ్‌హార్ఫ్‌బజ్, --ఎనేబుల్-లిబ్‌ఫాంట్‌కాన్ఫిగ్. నెట్‌లోని లింకుల నుంచి నేరుగా వీడియో తీసుకోవాలంటే --ఎనేబుల్-గ్నుటీఎల్ఎస్. కాన్ఫిగర్ నడిచేది కాసేపే, కాబట్టి పది ఆప్షన్లు ఒకేసారి వేసి ఏది ఆపిందో వెతకడం కంటే ఇలా వెళ్లడమే తొందరగా తేలుతుంది.

ఏఏసీ ఆడియో కోసం ఎఫ్‌డీకే లైబ్రరీనీ, దానితో పాటు --ఎనేబుల్-నాన్‌ఫ్రీనీ చేర్చమనే పాత సలహాలు ఇంకా తిరుగుతున్నాయి. జీపీఎల్‌తో కలిపి అలా చేసిన బిల్డ్‌ను ఇంకొకరికి ఇవ్వడానికి లైసెన్సు ఒప్పుకోదు. 2016లో వచ్చిన 3.0 నుంచి ఎఫ్ఎఫ్ఎంపెగ్ సొంత ఏఏసీ ఎన్‌కోడరే ప్రయోగ దశ దాటింది. మామూలు అవసరాలకు అదే చాలు.

‘నాట్ ఫౌండ్’ అన్నప్పుడు

ఎక్కువగా కనిపించే ఎర్రర్ ఇదే: ఫలానాది పీకేజీ-కాన్ఫిగ్ ద్వారా దొరకలేదు. లైబ్రరీలు ఎక్కడున్నాయో చెప్పే సాధనమే ఈ పీకేజీ-కాన్ఫిగ్. స్క్రీన్ మీద ఉండేది ఒక్క లైనే. అసలు సంగతి సోర్సు ఫోల్డర్‌లోని ఎఫ్ఎఫ్‌బిల్డ్ అనే ఫోల్డర్‌లో, కాన్ఫిగ్.లాగ్ ఫైల్‌లో ఉంటుంది. అది చాలా పెద్ద ఫైల్, మొదటి నుంచి చదవక్కర్లేదు. చివరి యాభై లైన్లు చూడండి:

టెయిల్ -ఎన్ 50 ఎఫ్ఎఫ్‌బిల్డ్/కాన్ఫిగ్.లాగ్

కాన్ఫిగర్ ఒక్కో లైబ్రరీ కోసం ఒక చిన్న సీ ప్రోగ్రాం రాసి, దాన్ని కంపైల్ చేసి చూస్తుంది. అది విఫలమైతే ఆ ప్రోగ్రాం, కంపైలర్ ఇచ్చిన జవాబు రెండూ ఈ ఫైల్ చివర ఉంటాయి. ‘నాట్ ఫౌండ్’ అని పైకి ఒకేలా కనిపించినా, లోపల మూడు వేర్వేరు కారణాలు ఉంటాయి.

పీకేజీ-కాన్ఫిగ్‌కే ఆ పేరు తెలియదని ఉంటే, డెవ్ ప్యాకేజీ లేదు, లేదా లైబ్రరీని మీరే కంపైల్ చేసి హోమ్‌లో పెట్టారు, అక్కడ వెతకాలని దానికి తెలియదు. రెండోదైతే పీకేజీ_కాన్ఫిగ్_పాత్ అనే వేరియబుల్‌లో $హోమ్/ఎఫ్ఎఫ్ఎంపెగ్_బిల్డ్/లిబ్/పీకేజీకాన్ఫిగ్ అని ఇచ్చి మళ్లీ నడపండి. దొరుకుతోందో లేదో విడిగా చూసుకోవచ్చు:

పీకేజీ-కాన్ఫిగ్ --మోడ్‌వెర్షన్ ఎక్స్264

వెర్షన్ నంబరు వస్తే దొరికినట్టు.

రెండో రకం, హెడర్ ఫైల్ ‘నో సచ్ ఫైల్’ అని రావడం. ఇదీ చాలావరకు డెవ్ సమస్యే.

మూడోది ‘అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్’. హెడర్ దొరికింది, లైబ్రరీలో ఆ ఫంక్షన్ లేదు. ఎక్స్264 విషయంలో ఇది తేలిగ్గా పట్టుబడుతుంది, ఎందుకంటే ఎక్స్264_ఎన్‌కోడర్_ఓపెన్ అనే ఫంక్షన్ పేరు చివర ఒక బిల్డ్ నంబరు ఉంటుంది. హెడర్ 164 అడుగుతూ లైబ్రరీలో 163 ఉంటే కలవదు. అంటే మీ కంప్యూటర్‌లో ఎక్స్264 రెండు కాపీలు ఉన్నాయి. ఒకటి ఆప్ట్ తెచ్చింది, ఇంకోటి ఎప్పుడో యూఎస్ఆర్/లోకల్‌లో మీరే వేసుకున్నది. హెడర్ ఒకదాని నుంచి, లైబ్రరీ ఇంకోదాని నుంచి వస్తున్నాయి. ఒకదాన్ని పూర్తిగా తీసేయండి, రెండూ ఉంచి సర్దిచెప్పాలని చూడకండి. ఎక్స్265ను మీరే స్టాటిక్‌గా (ప్రోగ్రాంలోనే కలిసిపోయేలా) కంపైల్ చేసుకున్నప్పుడు కూడా అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్ వస్తుంది. అక్కడ కారణం వేరు: సీ++ లైబ్రరీలు లింక్ లైనులో చేరలేదు. --పీకేజీ-కాన్ఫిగ్-ఫ్లాగ్స్="--స్టాటిక్" చేర్చండి, అవసరమైతే --ఎక్స్‌ట్రా-లిబ్స్="-ఎల్‌పీథ్రెడ్ -ఎల్ఎం" కూడా.

‘అన్‌నోన్ ఆప్షన్’ అని వస్తే అది లైబ్రరీ సమస్య కాదు. ఏదో పాత ఆదేశం కాపీ చేశారన్నమాట. ఉదాహరణకు ఏవీరీశాంపుల్ 5.0లోనే పోయింది, ఫాక్ ఇంకా ముందే పోయింది. ఆ ఆప్షన్ తీసేయండి. ఎఫ్ఎఫ్ఎంపెగ్ కాన్ఫిగర్ ఆటోకాన్ఫ్ పుట్టించిన స్క్రిప్టు కాదు, డెవలపర్లు చేత్తో రాసుకున్నది. అందుకని వేరే సాఫ్ట్‌వేర్లలో పనిచేసే --హోస్ట్ లాంటివి ఇక్కడ చెల్లవు.

చెప్పకుండా జారిపోయేవి

ఎర్రర్ ఇచ్చి ఆగేవాటి కంటే ఇవి ఎక్కువ ఇబ్బంది పెడతాయి. మీరు ‘ఎనేబుల్’ అని పేరుపెట్టి అడిగినది దొరకకపోతే కాన్ఫిగర్ ఆగుతుంది. అడగనివి కొన్ని తనంతట తానే వెతుక్కుంటుంది, దొరక్కపోతే ఏమీ అనకుండా వదిలేస్తుంది. ఎస్‌డీఎల్2 లేకపోతే వీడియోను ఆడించి చూపే ఎఫ్ఎఫ్‌ప్లే తయారు కాదు. జెడ్‌లిబ్ లేకపోతే పీఎన్‌జీ బొమ్మలు చదవడం రాదు. గ్నుటీఎల్ఎస్ లాంటి టీఎల్ఎస్ లైబ్రరీని మాత్రం మీరే ఎనేబుల్ చేయాలి, చేయకపోతే హెచ్‌టీటీపీఎస్ లింకులు తెరవదు, ఆ సంగతి నడిపినప్పుడే తెలుస్తుంది.

తెలుగువాళ్లు తప్పక చూసుకోవలసింది డ్రాటెక్స్ట్. 6.1 నుంచి దానికి ఫ్రీటైప్‌తో పాటు హార్ఫ్‌బజ్ కూడా తప్పనిసరి. ఫ్రీటైప్ ఒక్కటే ఎనేబుల్ చేస్తే కాన్ఫిగర్ ఆగదు, మేక్ (అసలు కంపైల్ చేసే దశ) ఆగదు, ఇన్‌స్టాల్ కూడా బాగానే అవుతుంది. తీరా వాడబోతే ‘నో సచ్ ఫిల్టర్: డ్రాటెక్స్ట్’ అంటుంది. అందుకని కాన్ఫిగర్ పూర్తయ్యాక అది అచ్చేసే జాబితాను చదివే అలవాటు చేసుకోండి. బయటి లైబ్రరీల వరుసలో లిబ్‌ఆస్, లిబ్‌హార్ఫ్‌బజ్, లిబ్‌ఎక్స్264 ఉన్నాయా, ఫిల్టర్ల వరుసలో డ్రాటెక్స్ట్, సబ్‌టైటిల్స్ ఉన్నాయా, ప్రోగ్రాముల వరుసలో ఎఫ్ఎఫ్‌ప్లే ఉందా చూడండి. అక్కడ లేనిది ఎంతసేపు కంపైల్ చేసినా రాదు.

మేక్

మేక్ -జె4

నాలుగు అన్నది ఒకేసారి నడిచే పనుల సంఖ్య. మీ ప్రాసెసర్ కోర్‌లను బట్టి మార్చుకోండి. ర్యామ్ తక్కువున్న అద్దె సర్వర్లలో, డబ్ల్యూఎస్ఎల్‌లో ‘కిల్డ్’ అనే మాటతో కంపైలర్ ఆగిపోతే అది కోడ్ తప్పు కాదు, మెమరీ చాలక సిస్టమే దాన్ని చంపేసింది. -జె1తో మళ్లీ నడపండి. అప్పటివరకు అయిన పని పోదు, ఆగిన చోటి నుంచే సాగుతుంది. అప్పటికీ ఆగితే స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడే డిస్క్ స్థలం) పెంచుకోండి.

-జె4తో నడిపినప్పుడు ఎర్రర్ వచ్చిన తర్వాత కూడా మిగతా పనుల లైన్లు కాసేపు పడుతూనే ఉంటాయి. చివరి లైను ‘ఎర్రర్ 1’ అని మాత్రమే అంటుంది, దానివల్ల ఉపయోగం లేదు. పైకి వెళ్లి మొట్టమొదటి ఎర్రర్ వెతకండి. దొరకడం కష్టమైతే ఒక్కసారి ఉత్త ‘మేక్’ కొట్టండి, ఆగిన ఫైల్ దగ్గరే మళ్లీ ఆగి చూపిస్తుంది.

కొత్త లినక్స్ మీద పాత ఎఫ్ఎఫ్ఎంపెగ్ కంపైల్ చేసేవాళ్లకు ఒక ప్రత్యేకమైన చిక్కు ఎదురవుతుంది. మ్యాథ్‌ఆప్స్ అనే హెడర్ దగ్గర, ఎస్‌హెచ్‌ఆర్ అనే ఇన్‌స్ట్రక్షన్‌కు ‘ఆపరాండ్ టైప్ మిస్‌మ్యాచ్’ అని పదేపదే వస్తుంది. 2023లో వచ్చిన బినుటిల్స్ 2.41 నుంచి అందులోని అసెంబ్లర్ ఆ రాతను ఒప్పుకోవడం మానేసింది. మీ కంపైలర్ పాడవలేదు, దాన్ని వెనక్కి తీసుకెళ్లే పనీ పెట్టుకోవద్దు. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లోనే ఆ దిద్దుబాటు జరిగింది, 6.1లోనూ ఆ తర్వాతా ఉంది. పాత వరుసే కావాలంటే అందులోని ఆఖరి చిన్న విడుదల తీసుకోండి.

ఆప్షన్లు మార్చి మళ్లీ కాన్ఫిగర్ చేశాక వింత ఎర్రర్లు వస్తే, మేక్ డిస్ట్‌క్లీన్ కొట్టి మొదటి నుంచి చేయండి. పాత ముక్కలు, కొత్త ముక్కలు కలిసిపోయినప్పుడు అర్థం వెతకడం దండగ.

అంతా అయ్యాక ‘మేక్ ఇన్‌స్టాల్’. హోమ్‌లోకే కాబట్టి సుడో అక్కర్లేదు.

తయారైంది, కానీ పాతదే నడుస్తోంది

ఇంత చేసి, ఎఫ్ఎఫ్ఎంపెగ్ -వెర్షన్ కొడితే మళ్లీ 4.4 కనిపిస్తుంది. కంపైల్ పాడైందని అనుకోకండి. ఇది చూడండి:

విచ్ -ఏ ఎఫ్ఎఫ్ఎంపెగ్

ఎన్ని కాపీలు, ఏ వరుసలో ఉన్నాయో చెబుతుంది. మొదట ఉన్నదే నడుస్తుంది. ఉబుంటులో హోమ్‌లోని బిన్ ఫోల్డర్ అప్పుడే కొత్తగా పుట్టి ఉంటే, లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అయ్యేదాకా $పాత్‌లో చేరదు. అప్పటికే చేరి ఉండి కూడా పాతదే వస్తుంటే, బ్యాష్ (టెర్మినల్‌లో మీ ఆదేశాలు నడిపేది) పాత దారిని గుర్తుపెట్టుకుని ఉంటుంది. హ్యాష్ -ఆర్ కొట్టండి.

‘ఎర్రర్ వైల్ లోడింగ్ షేర్డ్ లైబ్రరీస్’ అని లిబ్‌ఏవీకోడెక్ లాంటి పేరుతో వస్తే, మీరు ఎక్కడో --ఎనేబుల్-షేర్డ్ చేర్చారు. ఇంట్లో వాడుకునే ప్రోగ్రాముకు ఆ ఆప్షన్ అవసరం లేదు, తీసేసి మళ్లీ చేయండి. యూఎస్ఆర్/లోకల్‌లో కావాలనే షేర్డ్‌గా పెట్టుకున్నవాళ్లకు మాత్రం సుడో ఎల్‌డీకాన్ఫిగ్ ఒక్కసారి నడిపితే సరిపోతుంది.

తెలుగు పరీక్ష

ముందు ఫాంట్. ఎఫ్‌సీ-లిస్ట్ :లాంగ్=టీఈ కొడితే తెలుగు వచ్చిన ఫాంట్లన్నీ చూపిస్తుంది. ఏమీ రాకపోతే ఫాంట్స్-నోటో-కోర్ ప్యాకేజీ వేసుకోండి, అందులో నోటో సాన్స్ తెలుగు ఉంటుంది. డబ్ల్యూఎస్ఎల్ ఉబుంటులో తెలుగు ఫాంట్ మొదట్లో ఉండకపోవచ్చు, డబ్బాలు పడితే కారణం అదే.

తర్వాత ఒక టెక్స్ట్ ఫైల్‌లో ‘స్త్రీ, రాష్ట్రం, లక్ష్మి, జ్ఞానం’ అని రాసి యూటీఎఫ్-8లో సేవ్ చేయండి. నోట్‌ప్యాడ్‌లో బీఓఎం (ఫైల్ మొదట్లో చేరే కనిపించని గుర్తు) లేని యూటీఎఫ్-8 ఎంచుకోండి, లేకపోతే మొదట్లో ఒక పిచ్చి గుర్తు పడవచ్చు. తెలుగును నేరుగా ఆదేశంలో టైపు చేయకుండా ఫైల్ నుంచి ఇస్తే కోట్‌ల గొడవ ఉండదు:

ఎఫ్ఎఫ్ఎంపెగ్ -ఎఫ్ ల్యావ్‌ఫై -ఐ కలర్=సీ=బ్లాక్:ఎస్=1280ఎక్స్720:డీ=3 -వీఎఫ్ "డ్రాటెక్స్ట్=ఫాంట్=నోటో సాన్స్ తెలుగు:టెక్స్ట్‌ఫైల్=పరీక్ష.టీఎక్స్‌టీ:ఫాంట్‌కలర్=వైట్:ఫాంట్‌సైజ్=72" -సీ:వీ లిబ్‌ఎక్స్264 పరీక్ష.ఎంపీ4

మూడు సెకన్ల నల్లటి వీడియో వస్తుంది. నాలుగు మాటలూ పుస్తకంలో ఉన్నట్టే కనిపిస్తే హార్ఫ్‌బజ్, ఫాంట్, ఎక్స్264 మూడూ కుదిరినట్టే.

ఎస్ఆర్‌టీ సబ్‌టైటిళ్లను వీడియోలో అతికించే ‘సబ్‌టైటిల్స్’ ఫిల్టర్ వేరే దారిలో, లిబ్‌ఆస్ ద్వారా పనిచేస్తుంది. అక్కడ ‘ఇన్‌వాలిడ్ యూటీఎఫ్-8’ అని వస్తే మీ బిల్డ్‌ది తప్పు కాదు, ఫైల్‌ది. ఫైల్‌ను యూటీఎఫ్-8లో సేవ్ చేసి ఇవ్వండి. డీటీపీ సెంటర్లో అనూ ఫాంట్లలో టైపు చేయించుకున్న పాఠం అయితే అది యూనికోడ్ కానే కాదు, ఎన్ని లైబ్రరీలు చేర్చినా తెలుగులా కనిపించదు. ముందు యూనికోడ్‌లోకి మార్పించుకోవాలి.

చివరిగా, పనిచేసిన కాన్ఫిగర్ లైనును ఒక ఫైల్‌లో దాచుకోండి. పోగొట్టుకున్నా పర్వాలేదు, ఎఫ్ఎఫ్ఎంపెగ్ -బిల్డ్‌కాన్ఫ్ కొడితే ఆ బిల్డ్‌కు వాడిన ఆప్షన్లన్నీ మళ్లీ చూపిస్తుంది. ఎవరినైనా సాయం అడిగేటప్పుడు కూడా ఆ లైనూ, కత్తిరించని పూర్తి అవుట్‌పుటూ, కాన్ఫిగ్.లాగ్ చివరి భాగమూ కలిపి ఇవ్వండి. స్క్రీన్ ఫోటోలో చివరి రెండు లైన్లు మాత్రమే పంపితే ఎంత తెలిసినవాళ్లయినా ఏమీ చెప్పలేరు.